కీబోర్డు ముట్టుకోని మాస్టారు

మొన్న వేదాయపాళెంలో మా అక్క కొత్తింటికి పోయినప్పుడు సీసీ కెమెరాలు బిగించే కుర్రాడొకడు హాల్లో నేల మీద కూర్చుని నెట్‌వర్క్ కేబులు ఒలుస్తున్నాడు. నీలం తొక్క ఊడి రాగానే ఆ ప్లాస్టిక్ వాసన గుప్పుమంది. నేను కాఫీ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

"ఏందిరా, కేబులు ఎప్పుడూ చూళ్లేదా?" అంది అక్క.

ఆ కుర్రాడు మెలికలు విప్పి, ఎనిమిది తీగల్నీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి సాపు చేస్తూ పెదాలు కదుపుతున్నాడు. ఆరెంజి వైటు, ఆరెంజి, గ్రీన్ వైటు, బ్లూ, బ్లూ వైటు, గ్రీను, బ్రౌన్ వైటు, బ్రౌను. అదే వరస, ఇన్నేళ్లయినా మారలేదు. ఎవరు నేర్పించారయ్యా అని అడిగితే తలెత్తకుండానే "యూట్యూబ్ సార్" అన్నాడు.

మాకు పొగతోటలో ఒక మాస్టారు నేర్పించారు.

* * *

పొగతోట అంటే నెల్లూరు వాళ్లకి ఆసుపత్రులు, స్కానింగ్ సెంటర్లు, మందుల షాపులు. ఉదయగిరి నుంచో ఆత్మకూరు నుంచో పేషెంటుని తీసుకొచ్చినవాళ్లు రిపోర్టు చేతికొచ్చేదాకా ఎక్కడ కూర్చోవాలో తెలీక మెట్ల మీద కూర్చుని ఉంటారు. అట్లాంటి మెట్లు ఎక్కితే పైన మాస్టారి ఇంటర్నెట్ సెంటరు. కింద నుంచి మందుల షాపు స్పిరిట్ వాసన, పైన గంటల తరబడి వెలిగి వేడెక్కిన మానిటర్ల వాసన. మధ్యాహ్నం ఎవరో ఒకరు కారం దోసె పొట్లం విప్పితే ఆ రెండూ మాయం.

మాస్టారు అసలు ఎలక్ట్రానిక్స్ మనిషి. రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసి, తర్వాత పిల్లలకి ట్యూషన్లు చెప్పి, ఆ తర్వాత కంప్యూటర్లలోకి దిగారు. నేనప్పుడు పాలిటెక్నిక్ అయ్యి ఉద్యోగం లేక తిరుగుతున్నాను. కోవూరు నుంచి పెన్న వంతెన దాటి బస్సులో వచ్చేవాణ్ణి. పొద్దున షట్టరు ఎత్తి, ఊడ్చి, యూపీఎస్ ఆన్ చేసి, వచ్చినవాళ్ల టైము రాసే పుస్తకం బయట పెట్టడం నా డ్యూటీ. జీతం చెప్పుకునేంత లేదు గానీ, రాత్రి కస్టమర్లు పోయాక వెనకగది మిషను నాది. ఆ ఒప్పందం మీదే చేరాను.

ముందు హాల్లో ఉన్నవన్నీ విండోస్ మిషన్లే. ఎంసెట్ ర్యాంకు చూసుకునే పిల్లలు, కువైట్‌లో ఉన్న మనిషికి మెయిలు కొట్టించుకునే ఆడవాళ్లు, అమెరికా యూనివర్సిటీలకి అప్లికేషన్లు పెట్టే ఇంజనీరింగ్ వాళ్లు. ఇంతమందికీ ఉన్నది ఒకే ఫోన్ లైనని వాళ్లలో ఒక్కరికీ తెలీదు. వెనకగదిలో మూత కూడా లేని పాత డబ్బా ఒకటి, విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తూ ఆ ఒక్క లైనునీ అందరికీ పంచేది. ఐపీ మాస్కరేడింగ్ అంటారు. బయటివాళ్లకి కనపడే అడ్రసు ఒక్కటే. వచ్చిన జవాబుల్లో ఏది ఏ మిషనుకి ఇవ్వాలో ఆ డబ్బా లెక్క పెట్టుకుని ఇస్తుంది. నెలల తరబడి దాన్ని ఆపిన పాపాన పోలేదు.

అందులోకి ఎక్కించిన లినక్సు పీసీ క్వెస్ట్ పత్రికతో పాటు వచ్చిన సీడీలోది. అప్పట్లో డౌన్‌లోడ్ చేసుకోవడమనే ఆలోచనే రాదు. ఒక సీడీ 650 మెగాబైట్లు, ఫోన్ లైను మీద నెట్ తెచ్చే మా మోడెం వేగం సెకనుకి 56 కిలోబిట్లు. లైను ఒక్కసారి కూడా తెగకుండా, పూర్తి వేగంతో వచ్చినా ఒక సీడీకి పగలూ రాత్రీ కలిపి ఒక రోజు దాటుతుంది. ఫోన్ బిల్లు సంగతి సరేసరి. అందుకే పత్రికతో వచ్చిన సీడీ కావలి పోయేది, అక్కణ్ణుంచి ఒంగోలు, గీతలు పడి తిరిగొచ్చేది.

మోడెం గురించి ఒక మాట చెప్పాలి. కంప్యూటరు లోపల బిగించే చౌకరకం మోడెంలని విన్‌మోడెం అనేవాళ్లు. మోడెం చెయ్యాల్సిన పనిలో చాలా భాగం చిప్పు చెయ్యదు, విండోస్‌లో నడిచే డ్రైవరు చేస్తుంది. లినక్స్ ఎక్కించామా, అది ఉత్త రేకుముక్క. కాబట్టి లినక్స్ వాళ్లందరికీ సీరియల్ పోర్టుకి తగిలించే బయటి మోడెం కావాలి. దాని ధర మా అందరికీ భారమే. చెన్నై రిచీ స్ట్రీట్‌లో పాతది దొరుకుతుందని ఎవరైనా చెప్తే పొద్దున్నే బస్సెక్కేవాళ్లు. ఆ ఏడాది మొహర్రంకి స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగ జరుగుతుంటే, చుట్టూ ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఇల్లు రొట్టె అని జనం అడిగి పుచ్చుకుంటున్నారు. కావలి నుంచి మా దగ్గరికి వచ్చే కుర్రాడు, మా కావలోడు, మోకాలి లోతు నీళ్లలో నిలబడి "మోడెం రొట్టె ఎవరి దగ్గరుండాది?" అని కేకేశాడు. పక్కనున్న పెద్దావిడ అదేదో కొత్త వ్యాపారమనుకుని వ్యాపారం రొట్టె చేతిలో పెట్టింది. వాడు కళ్లకద్దుకుని తిన్నాడు. ఎగతాళికి కాదు, నిజంగానే.

* * *

ఆదివారం మధ్యాహ్నం సెంటర్లో గిరాకీ ఉండదు. అప్పుడు వచ్చేవాళ్లు. కావలోడు, గూడూరబ్బాయి, దర్గామిట్ట నుంచి ఒక మెడికల్ రెప్పు, బ్యాంకులో చేస్తూ రిటైర్మెంటుకి దగ్గర పడిన ఒకాయన. మాకు సంఘం లేదు, పేరు లేదు, చందా లేదు. ఎవరి మిషన్లో ఏది పని చెయ్యకపోతే దాన్ని ఆటోలో వేసుకుని వచ్చేవాళ్లు. మానిటరు అక్కర్లేదు, డబ్బా ఒకటి తెస్తే చాలు.

మాస్టారికి ఒక పట్టుదల. ఎదుటివాడి కీబోర్డు ముట్టుకోరు. వాడు ఎంత నిదానంగా కొట్టినా, తప్పు కొట్టినా, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడేవారు. "నేను కొడితే పని అయిపోతుందయ్యా. రేపు మళ్లీ ఆటో ఖర్చు పెట్టుకుని నువ్వే రావాల" అనేవారు. పాస్‌వర్డ్ కొట్టే టైముకి తల కిటికీ వైపు తిప్పేసేవారు. అందరం నవ్వేవాళ్లం, మా దగ్గర దాచిపెట్టుకునేది ఏముందని. ఆయన మాత్రం కిటికీలోంచి ఎదురుగా ఉన్న ఎక్స్‌రే బోర్డు చదువుతూ ఉండేవారు.

"నెట్ రావట్లా మాస్టారూ" అంటే ఆయనకి ఒళ్లు మండేది. "రావట్లా అంటే నాకేం తెలుస్తుంది? యాడ దాకా పోయింది, యాడ ఆగిపోయింది, అది చెప్పు." దానికి ఆయన వరస ఒకటే. పింగ్ అంటే ఒక అడ్రసుని 'ఉన్నావా' అని పిలిచి చూడటం. ముందు 127.0.0.1కి పింగ్ కొట్టు, అంటే నీ ఇంట్లో నువ్వే ఉన్నావా లేదా. తర్వాత నీ నెట్‌వర్క్ కార్డుకి ఇచ్చిన అడ్రసు. తర్వాత గేట్‌వే, అంటే బయటికి దారిచ్చే డబ్బా. ఆ తర్వాత బయట ఎక్కడో ఉన్న ఒక నంబరు. చివర్న పేరు. నంబరుకి పోయి పేరుకి పోకపోతే తప్పు పేరుని నంబరుగా మార్చే డీఎన్ఎస్‌ది, రిజాల్వ్ డాట్ కాన్ఫ్ ఫైలు తెరువు. గేట్‌వేకే పోకపోతే కేబులు చూడు, కార్డు వెనక లైటు వెలుగుతోందా చూడు. కార్డులన్నీ దాదాపు రియల్‌టెక్ 8139లే. చౌక. పైగా లినక్స్ వాటిని మారుమాటాడకుండా గుర్తు పట్టేది.

నేను తర్వాత పెద్ద కంపెనీల్లో పెద్ద జీతాల వాళ్ల పక్కన పని చేశాను. నెట్‌వర్క్ పోగానే సగం మంది ముందు మిషను ఆపి మళ్లీ ఆన్ చేస్తారు. ఆ ఐదు మెట్లు దిగి చూసుకునే ఓపిక చాలా తక్కువ మందికి ఉంటుంది.

కేబులు గుచ్చడం కూడా ఆదివారాలే. రెండు మిషన్లని మధ్యలో హబ్బు, అంటే మిషన్లన్నిటినీ కలిపే డబ్బా, లేకుండా నేరుగా కలపాలంటే క్రాస్ కేబులు కావాలి. ఒక కొసన మామూలు వరస, రెండో కొసన ఆరెంజి జత స్థానంలో గ్రీన్ జత. ఒకటోది మూడోదానికి, రెండోది ఆరోదానికి పోవాలి. ఇప్పుడొచ్చే కార్డులు వాటంతటవే సర్దుకుంటాయి కాబట్టి ఈ గొడవ ఎవరికీ తెలీదు. అప్పట్లో క్రింపింగ్ టూలు మా అందరికీ కలిపి ఒకటే, నీలం పిడి ఉన్నది. దాన్ని బిగించి నొక్కితే ఎనిమిది ఇత్తడి పళ్లు తీగల్లోకి దిగేటప్పుడు 'కటక్' మనేది. మాస్టారు చప్పుడు విని చెప్పేవారు, ఇది పోయింది, కోసేసి ఇంకోటి గుచ్చు అని. కనెక్టర్లు ఊరికే రావు గాబట్టి కోసేసిన ప్రతిసారీ బ్యాంకాయన మొహం మాడ్చుకునేవాడు.

* * *

గూడూరబ్బాయి ఒక రొయ్యపిల్లల హ్యాచరీ వాళ్లకి చిన్న వెబ్‌సైటు చేసిచ్చాడు. వారం వారం సరుకు ధరలు మార్చి ఎఫ్‌టీపీలో, అంటే నెట్ మీద ఫైళ్లు పంపే పాత పద్ధతిలో, ఎక్కించేవాడు. ఒక ఆదివారం అట్లా ఎక్కిస్తుంటే మాస్టారు వెనక నిలబడి చూసి, "ఆగయ్యా. అందరూ ఇటు రండి" అన్నారు.

ఆయన తన సొంత ఎఫ్‌టీపీ ఖాతాలోకి ఒక మిషన్లో లాగిన్ కాబోతూ, పక్కనున్న ఇంకో మిషన్లో నన్ను టీసీపీడంప్ నడపమన్నారు, తీగల్లో పోయేదాన్నంతా స్క్రీను మీద చూపించే ప్రోగ్రాం అది. మధ్యలో ఉన్నది హబ్బు. ఒక పోర్టులోకి వచ్చింది మిగతా అన్ని పోర్టుల్లోకీ కొట్టేస్తుంది, ఎవరికోసం వచ్చిందో వాళ్లు తీసుకోవాలి, మిగతావాళ్లు వదిలెయ్యాలి. వదిలెయ్యకుండా వినాలనుకుంటే వినొచ్చు. నల్లటి స్క్రీను మీద అంకెలు, అక్షరాలు జరజరా పాకుతున్నాయి. మాస్టారు ఎంటరు కొట్టారు. నా స్క్రీను మీద 'యూజర్' అని, పక్కన ఆయన పేరు. దాని కింద 'పాస్' అని, పక్కన 'చేపలపులుసు'.

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక కావలోడు కుర్చీలోంచి జారిపోయాడు. "ఇదా మాస్టారూ మీ పాస్‌వర్డు!" గూడూరబ్బాయి మాత్రం నవ్వలేదు. హ్యాచరీ పాస్‌వర్డు ఎన్ని వారాల నుంచి ఇట్లా పోతోందో లెక్కేసుకుంటున్నాడు.

"నాది నేను మార్చుకుంటా. మీరు కూడా మార్చుకోండి" అని మాస్టారు కూర్చున్నారు. గూడూరబ్బాయి పాస్‌వర్డునే చూపించి ఉండొచ్చు, ఇంకా బాగా తగిలేది. ఆయన తనదే బయటపెట్టుకున్నారు. ఇది నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ తట్టలేదు.

ఆ సాయంత్రమే ఎస్సెస్‌హెచ్ సంగతి చెప్పారు. 1995లో ఫిన్లాండులో హెల్సింకి టెక్నాలజీ యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో ఎవరో సరిగ్గా ఇట్లాగే కూర్చుని పాస్‌వర్డులు ఏరుకున్నారు. అక్కడ పనిచేసే తాతు యులోనెన్ అనే ఆయనకి మండి, దూరంగా ఉన్న మిషన్లోకి లాగిన్ అయ్యేటప్పుడు పాస్‌వర్డూ మాటా అన్నీ గుప్తంగా పోయేట్టు ఒక ప్రోగ్రాం రాసి జనానికి ఇచ్చాడు. అదే ఎస్సెస్‌హెచ్. నెట్‌లో ఒక్కో పనికీ ఒక్కో తలుపు నంబరు ఉంటుంది, దాన్నీ పోర్టు అనే అంటారు. గుప్తం లేకుండా లాగిన్ అయ్యే పాత టెల్నెట్‌ది 23, ఎఫ్‌టీపీది 21, మధ్యలో ఖాళీగా ఉన్న 22 అడిగి తీసుకున్నాడు. తర్వాత దాని లైసెన్సు బిగుసుకుంటే, ఓపెన్‌బీఎస్‌డీ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ చేసేవాళ్లు స్వేచ్ఛగా ఉన్న పాత కోడు పట్టుకుని 1999లో ఓపెన్ఎస్సెస్‌హెచ్ తెచ్చారు. మనం వాడేది అదే. తాతు అనే పేరు మా నోళ్లలో పడి ఆయన 'ఫిన్లాండు తాత' అయిపోయాడు. తాత అప్పటికి ముప్ఫైల్లో ఉన్న కుర్రాడని మాకేం తెలుసు.

ఎస్సెస్‌హెచ్‌లో పాస్‌వర్డు కొడితే స్క్రీను మీద చుక్క కూడా పడదు. మొదటిసారి బ్యాంకాయన కొట్టి, మళ్లీ కొట్టి, కీబోర్డు తిరగేసి దులిపి, "ఇది పోయినట్టుంది, వేరేది తగిలించండి" అన్నాడు. కొత్తగా వచ్చిన ప్రతివాడూ ఆ కీబోర్డుని దులిపినవాడే.

* * *

తర్వాత నాకు ఒంగోల్లో ఉద్యోగం వచ్చింది. కర్నూలు రోడ్డులో ఒక గ్రానైటు ఎగుమతి ఆఫీసు. చీమకుర్తి రాయి, బ్లాక్ గెలాక్సీ అంటారు, నల్లటి రాతిలో బంగారు రంగు చుక్కలు. నేను చేరింది కంప్యూటర్లు చూసుకోవడానికి, కానీ టీ పొడి అయిపోతే కూడా నన్నే పిలిచేవాళ్లు. క్వారీ నుంచి లారీలు వచ్చి పోతుంటే టేబుళ్ల మీద సన్నటి రాతిపొడి పేరుకునేది. సీపీయూ ఫ్యాన్ విప్పితే బూడిద రంగు పొడి దోసిలి నిండా వచ్చేది.

మేము పంపాల్సినవి స్లాబు ఫోటోలు, కొలతల షీట్లు, ఇన్వాయిసులు, బ్యాంకు కాగితాలు. చెన్నైలో షిప్పింగ్ చూసే ఆఫీసులో ఒక లినక్స్ సర్వరు ఉండేది, అందులోకి ఎక్కించాలి. ఫోటోలు ఎవరు చూస్తే ఏం? ఇన్వాయిసు ధర పోటీవాడి కంట పడితే మాత్రం మా ఓనరు మమ్మల్ని క్వారీలోకి తోసేస్తాడు.

మొదటిసారి ఎస్సెస్‌హెచ్‌తో ఆ సర్వరుకి కలిపినప్పుడు మామూలుగా వచ్చే ప్రశ్నే వచ్చింది: ఈ మిషను ఎవరో నాకు తెలీదు, దీని వేలిముద్ర ఇది, ముందుకి పోవాలా వద్దా. లోకమంతా అక్కడ ఎస్ కొట్టేస్తుంది. నా పక్కన అకౌంట్స్ మేడం కూర్చుని ఉంది. బాపట్ల వైపు మనిషి, మాట గట్టిది, ఎల్‌సీ అనే బ్యాంకు హామీ కాగితాల్లో కామా కూడా వదలదు.

"అదేంటి, చూడకుండా ఎస్ కొడతావా?" అంది.

అందరూ అట్లాగే చేస్తారు మేడం అన్నాను.

"బ్యాంకు కాగితంలో ఒక్క అక్షరం తేడా వస్తే కంటైనరు పోర్టులో పడి ఉంటుంది. ఇది మటుకు ఎవరో ఏంటో చూడకుండా తలుపు తీస్తావా? వాళ్లకి ఫోన్ చెయ్యి, నేను చదువుతా."

ఎస్‌టీడీ కలిపి చెన్నై ఆఫీసులో సర్వరు చూసుకునే తమిళాయన్ని లైన్లోకి పిలిచాను. అప్పటి వేలిముద్ర అంటే పదహారు జతలు, ఒక్కో జతలో రెండు అక్షరాలో అంకెలో, మధ్యలో కోలన్లు. మేడం కళ్లజోడు సర్దుకుని, స్కేలు స్క్రీనుకి ఆనించి, ఒక్కో జతా చదివింది. బీ ఫర్ బాపట్ల, డీ ఫర్ ఢిల్లీ, ఈ ఫర్ ఏలూరు. అవతల ఆయన ప్రతి జతకీ "సరి, సరి" అంటున్నాడు. మధ్యలో ఒకచోట ఆగి, మళ్లీ చదవమన్నాడు. ఎనిమిదికీ ఏకీ తేడా వినపడలేదట. చివరి జత అయ్యాక మేడం నా వైపు తిరిగి "ఇప్పుడు కొట్టు" అంది.

ఆయన తర్వాత నాతో చెప్పాడు, ఇన్నేళ్లలో తన సర్వరు వేలిముద్ర ఫోన్లో చదివి సరిచూసుకున్న మొదటి పార్టీ మీరేనని. మాస్టారికి ఈ మాట చెప్తే ఎంత మురిసిపోయారో! "ఆమెని ఒక ఆదివారం తీసుకురా" అన్నారు. ఆమె రాలేదు. ఆదివారం తలంటు, చర్చి, వంట, నాకెక్కడ కుదురుతుంది అంది.

* * *

కరెంటు సంగతి చెప్పకపోతే ఒంగోలు కథ పూర్తవదు. వేసవిలో మధ్యాహ్నం కోత తప్పదు. ఫోటోల ఫోల్డరు సగం పోయాక ఫ్యాన్లు ఆగిపోయేవి, యూపీఎస్ కీచుమని అరిచేది, మోడెం లైటు ఆరిపోయేది. ఎస్సెస్‌హెచ్ దారిలో ఫైళ్లు పంపే ఎస్సీపీతో అయితే మళ్లీ మొదటి నుంచి మొదలు. అప్పుడు కావలోడు ఫోన్లో ఆర్‌సింక్ చెప్పాడు. ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మకెరాస్ అనే ఇద్దరు 1996లో ఆస్ట్రేలియాలో తెచ్చింది. ఫైలుని ముక్కలుగా లెక్క కట్టి, అవతల ఉన్నదాన్ని వదిలేసి లేనిదే పంపుతుంది. 'పార్షియల్' అని ఒక మాట తగిలిస్తే సగం పోయిన ఫైలుని పారెయ్యకుండా ఉంచుతుంది, కరెంటు వచ్చాక అక్కణ్ణుంచి అందుకోవచ్చు. దారి మటుకు ఎస్సెస్‌హెచ్‌దే. ఒక్క మెలిక ఉంది. ఫోల్డరు పేరు చివర ఏటవాలు గీత (స్లాష్) పెడితే లోపలి ఫైళ్లు మాత్రమే పోతాయి, పెట్టకపోతే ఫోల్డరుతో సహా పోతుంది. దీని మీద కావలోడికీ గూడూరబ్బాయికీ జరిగిన గొడవ ఎన్నేళ్లయినా తేలలేదు, ఏది సహజం అని.

2005లో బీఎస్ఎన్ఎల్ డేటావన్ వచ్చింది. 256 కేబీపీఎస్ అంటే మాకు పండగే. ఫోన్ మాట్లాడుతూనే నెట్ వాడొచ్చు! అంతకుముందు ఇద్దరిలో ఒకరు లైను కట్ చేసుకుని, నెట్ కలిపి చూసి, మళ్లీ తెంపేసి ఫోన్ చేసి "ఇప్పుడేమంటాంది?" అని అడగాలి. ఆ బాధ పోయింది. ఇక ఫోన్లోనే అన్నీ.

గూడూరబ్బాయి ఒకసారి ఇట్లాగే ఫోన్ చేశాడు.

"2222 పోర్టు ఇస్తే 2222 అనే ఫైలు లేదంటాందన్నా."

"ఏ పీ కొట్టావు?"

"పీలు ఎన్ని ఉండాయి?"

"ఎస్సెస్‌హెచ్‌కి చిన్న పీ. ఎస్సీపీకి పెద్ద పీ."

"ఇద్దరూ ఒకింటోళ్లే గదా, ఒకరికి చిన్నదీ ఒకరికి పెద్దదీ ఏంది?"

న్యాయమైన ప్రశ్నే. ఎస్సీపీ కంటే ముందున్న ఆర్‌సీపీలో చిన్న పీ అంటే ఫైలు తేదీలు, అనుమతులు చెదరకుండా పంపమని. ఆ పాత అలవాటు చెడగొట్టకూడదని పోర్టుకి పెద్దది ఇచ్చారు. వాడికి ఇది చెప్తే "బాగానే ఉండాది సంబడం" అని ఫోన్ పెట్టేశాడు.

ఇంకోసారి మెడికల్ రెప్పు, ఎస్సెస్‌హెచ్‌లో పాస్‌వర్డు బదులు వాడే తాళంచెవుల జత కొత్తగా చేసుకుని, మాస్టారి మిషన్లోకి రావడానికి ఆ రెండు ఫైళ్లనీ మెయిల్లో పంపాడు. 'పబ్' అని తోక ఉన్నది పంపాలి, తోక లేనిది ప్రాణం పోయినా ఎవరికీ ఇవ్వకూడదు. మాస్టారు తిట్టలేదు. "రెండూ చెరిపేసి కొత్త జత చేసుకో. నేను నీ మెయిలు తెరిచాను గాబట్టి అది ఇంక నీది కాదు" అని తిరుగు మెయిలు ఇచ్చారు. ఆ రెప్పు నొచ్చుకున్నాడు. మీరు చూస్తే ఏమవుతుంది మాస్టారూ అని. మాస్టారు అవునని గానీ కాదని గానీ అనలేదు, కొత్త తాళం వచ్చేదాకా లోపలికి రానివ్వలేదు.

* * *

మాస్టారి దగ్గర ఒక పొడుగు నోటు పుస్తకం ఉండేది, అట్ట మీద పసుపుబొట్టు. కిరాణా కొట్టు ఖాతా పుస్తకాలు కుట్టే రకం. అందులో స్కేలుతో గీసిన గళ్లు. ఎవరు, ఎవరి మిషన్లోకి, తాళం చివర ఉన్న పేరు, ఎప్పుడు పెట్టింది, ఎప్పుడు తీసేసింది. తీసేసిన వాటి మీద ఎర్ర సిరాతో గీత. మేము నవ్వేవాళ్లం, ఎవరి తాళానికి తలుపు తియ్యాలో మిషన్లో రాసి ఉండే ఆథరైజ్డ్ కీస్ ఫైల్లో ఉండేదాన్నే మళ్లీ చేత్తో రాసుకోవడమేందని.

2008 మే నెలలో ఆ పుస్తకం పనికొచ్చింది. లినక్స్‌ని ఒక మూటగా కట్టి ఇచ్చే డెబియన్ వాళ్లు ఒక ప్రకటన చేశారు. 2006లో తమ మూటలో ఉన్న, తాళాల లెక్కలు చేసే ఓపెన్ఎస్సెస్ఎల్‌లో, మెమరీ తప్పులు పట్టే పరికరం గొణుగుతోందని ఎవరో ఒక సవరణ చేశారట. దాంతో తాళాలు తయారు చేసేటప్పుడు ఎటూ ఊహకందని అంకెలు పుట్టించే చోట నడిచే ప్రోగ్రాంకి మిషను ఇచ్చే ప్రాసెస్ నంబరు తప్ప ఇంకేమీ మిగల్లేదు. ఒక రకం మిషన్లో, ఒక సైజు తాళానికి 32,768 కంటే ఎక్కువ రకాలు రావు. మనిషి లెక్క పెట్టలేడేమో గానీ కంప్యూటరుకి అదొక లెక్కా! దాదాపు రెండేళ్లుగా డెబియన్, దాన్నుంచి పుట్టిన ఉబుంటు మీద చేసిన తాళాలన్నీ ఊరందరి దగ్గరా ఉన్నట్టే.

మాలో చాలామంది అప్పటికి ఉబుంటు మీదే ఉన్నాం. అడిగితే చాలు, పైసా తీసుకోకుండా పోస్టులో సీడీ పంపేవాళ్లు, 2011లో ఆపేశారు. కాబట్టి మా తాళాలన్నీ ఆ బాపతే. మాస్టారు ఆ రాత్రి పుస్తకం ముందు పెట్టుకుని మొదటి గడి నుంచి వరసగా అందరికీ ఫోన్లు చేశారు. నాకు వచ్చేసరికి నిద్రపోతున్నాను. "లేచి మొహం కడుక్కో. తాళాలు మార్చాల" అన్నారు, ముందూ వెనకా లేకుండా. బెంగళూరులో ఉన్నవాళ్లకి, చెన్నైలో ఉన్నవాళ్లకి, కువైట్‌లో ఉన్న ఒకడికి కూడా. తెల్లారేసరికి పుస్తకం నిండా ఎర్ర గీతలు. ఆ నెల ఫోన్ బిల్లు గురించి ఆయన భార్య ఇప్పటికీ దెప్పుతుంది.

అప్పటికే సెంటరు నడవడం కష్టంగా ఉంది. ఇళ్లల్లోకి నెట్ వచ్చేసింది. హబ్బు పోయి స్విచ్చి వచ్చింది, అది ఎవరికొచ్చింది వాళ్లకే ఇస్తుంది కాబట్టి చేపల పులుసు ఆట ఆడదామన్నా కుదరదు. పక్క స్కానింగ్ సెంటరు వాళ్లు గది అడిగితే ఇచ్చేశారు. మాస్టారు ఇప్పుడు మూలాపేటలో కొడుకు దగ్గర ఉంటున్నారు. కళ్లు రెండూ ఆపరేషన్ అయ్యాయి. పోయినసారి కలిసినప్పుడు ఫోటోలు ఏదో యాప్‌లో పంపానంటే మూతి విరిచారు. "ఫైలు యాడుందో తెలీకుండా ఫైలు పంపడమేందయ్యా?" ఆయనతో వాదించే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు, పైగా ఆయన చెప్పింది తప్పు కూడా కాదు.

కావలోడితో మటుకు మాటలు ఆగలేదు. ఇప్పుడు వాడిది సొంత షాపు, చుట్టుపక్కల రొయ్యల చెరువుల దగ్గర కెమెరాలు, వైఫైలు పెడతాడు. ఈమధ్య పెద్దవాన రోజు ఫోన్ చేశాడు. చెరువు గట్టు మీద ఉన్నాడు, వెనక ఏరేటర్ల మోత.

"రౌటర్లోకి ఫైలు పోవట్లేదబ్బా. నిన్నటిదాకా పోయింది. ల్యాప్‌టాప్‌లో కొత్త ఉబుంటు వేశా, అంతే."

"ఏమంటాంది? చదువు."

"ఎస్‌ఎఫ్‌టీపీ సర్వర్ నాట్ ఫౌండ్ అంటాంది. నేను కొట్టింది ఎస్సీపీ గదా, అది ఎస్‌ఎఫ్‌టీపీ అంటదేంది?"

2022లో వచ్చిన ఓపెన్ఎస్సెస్‌హెచ్ 9.0 నుంచి ఎస్సీపీ అని కొట్టినా లోపల నడిచేది ఎస్సెస్‌హెచ్ దారిలోనే ఫైళ్లు పంపే ఇంకో పద్ధతి, ఎస్‌ఎఫ్‌టీపీయే. పాత పద్ధతిలో లొసుగులున్నాయని మార్చేశారు. చిన్న రౌటర్లలో చాలావాటికి ఎస్‌ఎఫ్‌టీపీ సర్వరు ఉండదు. పాత పద్ధతిలోనే పొమ్మని చెప్పాలి.

"మధ్యలో ఒక గీత, ఓ పెట్టి కొట్టు."

"అన్నా, ముందే చెప్పు. చిన్న ఓ నా, పెద్ద ఓ నా, సున్నానా?"

"పెద్ద ఓ రా."

"ఉండు, వాన నీళ్లు పడతాండాయి స్క్రీను మీద... ఆఁ, పోతాంది, పోతాంది. పెట్టేస్తుండా, గూడూరోడికి కూడా చెప్పాల."